'అ' దగ్గర తెగిపోయే లైను: మెయిన్‌ఫ్రేమ్ ఎన్‌కోడింగ్ కమాండ్ల సమీక్ష

ఒక టెక్స్ట్ ఫైల్‌లో నాలుగు ఊళ్ల పేర్లు తెలుగులో, లైనుకొకటి చొప్పున రాయండి: రావులపాలెం, పాలకొల్లు, అంతర్వేది, యానాం. యూటీఎఫ్-8లో (అన్ని లిపులనూ బైట్లుగా రాసే పద్ధతి) సేవ్ చేయండి. లినక్స్ ల్యాప్‌టాప్‌లో ఎన్‌కోడింగును మార్చే ఐకాన్వ్ కమాండుకు "ఇది ఐఎస్‌ఓ 8859-1 ఫైలు, ఐబీఎం-1047కి మార్చు" అని చెప్పి (ఇవి అక్షరాలకు బైట్లు కేటాయించే పట్టికలు, అంటే కోడ్‌పేజీలు; మొదటిది మామూలు కంప్యూటర్ల ఆస్కీ కుటుంబం, రెండోది ఐబీఎం మెయిన్‌ఫ్రేముల ఎబ్సిడిక్ కుటుంబం), వచ్చిన ఫైల్‌ను బైనరీగా (బైట్లు మార్చకుండా) మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన జెడ్‌ఓఎస్‌లోని యూనిక్స్ డైరెక్టరీలోకి పంపండి. అక్కడ తెరిచి చూస్తే లైను ఒకే ఒక్క చోట తెగి ఉంటుంది. పేరుకూ పేరుకూ మధ్య కాదు, అంతర్వేదిలోని 'అ' అక్షరం నడుమ.

కారణం బైట్లలో ఉంది. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఏదైనా మూడు బైట్లే. 'అ' అంటే హెక్స్‌లో (పదహారు అంకెల లెక్కలో) ఈ0 బీ0 85. ఆ చివరి 85 ఐఎస్‌ఓ 8859-1 లెక్కలో "తరువాతి లైను" అనే కంట్రోల్ గుర్తు. లినక్స్ మూల లైబ్రరీ గ్లిబ్‌సీలోని పట్టిక దాన్ని ఐబీఎం-1047లో 15గా మారుస్తుంది. జెడ్‌ఓఎస్ యూనిక్స్‌లో కొత్త లైను గుర్తు అచ్చంగా ఆ 15. అసలు లైన్ల చివర ఉన్న 0ఏ మాత్రం 25గా మారుతుంది, అక్కడ దాన్ని లైను చివరగా ఎవరూ పట్టించుకోరు. జెడ్‌ఓఎస్‌లోని ఐకాన్వ్‌లో ఈ రెండూ తారుమారు: 0ఏ వెళ్లి 15 అవుతుంది, 85 వెళ్లి 25 అవుతుంది. కమాండు పేరు ఒకటే, కోడ్‌పేజీ పేరు ఒకటే, జవాబులు మాత్రం రెండు.

టెస్టు ఫైల్‌లో గోదావరి అని ఒక్క మాట రాసి సరిపెట్టుకుంటే ఈ తప్పు బయటపడదు. ఆ మాటలో 85 బైటే లేదు. అమలాపురం, అంబాజీపేట, అత్తిలి, అంతర్వేది, వీటిలో ఒక్కటైనా ఉండాలి.

భీమవరంలోనో కాకినాడలోనో ఇంట్లో కూర్చుని, ఎక్కడో ఉన్న మెయిన్‌ఫ్రేమ్‌కి వీపీఎన్ మీద పని చేసేవాళ్ల బల్ల మీద సాధారణంగా ఒక పక్క 3270 తెర (మెయిన్‌ఫ్రేమ్ టెర్మినల్), ఇంకో పక్క వీఎస్ కోడ్, కింద ఒక కమాండ్ విండో ఉంటాయి. ఈ మూడూ ఒకే ఫైల్‌ని మూడు రకాలుగా చదవగలవు. ఈ సమీక్ష ఆ కమాండ్ విండోలో వాడే పనిముట్ల గురించి: ఐకాన్వ్, సీహెచ్‌ట్యాగ్, జోవీ సీఎల్‌ఐ, ఎస్‌సీపీ, గిట్. ఏ పనిముట్టుకైనా ఇక్కడ పెట్టిన పరీక్ష ఒక్కటే. మార్పిడి ఎక్కడ జరుగుతోందో, ఏ పట్టికతో జరుగుతోందో అది పైకి చెబుతుందా, చెప్పకుండా తనంతట తాను చేసేస్తుందా?

ముందు బైట్లు చూడాలి

ఏ పనిముట్టునైనా తిట్టే ముందు ఓడీ కమాండుతో మొదటి నలభై బైట్లు హెక్స్‌లో చూడండి. హైఫన్ టీ ఎక్స్1 ఆప్షన్ ఇస్తే ఒక్కో బైటూ విడిగా కనిపిస్తుంది. మాటల మధ్య ఖాళీ 40 అయితే ఎబ్సిడిక్, 20 అయితే ఆస్కీ. అంకెలు ఎఫ్0 నుంచి ఎఫ్9 దాకా ఉంటే ఎబ్సిడిక్, 30 నుంచి 39 దాకా ఉంటే ఆస్కీ. పది సెకన్ల పని. ఇది చేయకుండా "ఫైల్ పాడైంది, మళ్లీ పంపండి" అని మెయిల్ పెడితే రెండోసారి కూడా అలాగే వస్తుంది.

కంటితో పట్టే గుర్తులూ ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లో తెరిచినప్పుడు ఖాళీలు ఉండాల్సిన చోటల్లా @ కనిపిస్తే అది మార్చకుండా వచ్చిన ఎబ్సిడిక్, ఎందుకంటే ఆస్కీలో 40 అంటే @. 3270 తెర మీద /, >, ?, % కుప్పలుగా కనిపిస్తే అది మార్చకుండా వెళ్లిన ఆస్కీ. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఏ, ఎన్, ఓ, ఎల్ ఆస్కీ బైట్లు ఎబ్సిడిక్‌లో వరసగా ఆ గుర్తులే. 3270 తెర మీదే ఖాళీల స్థానంలో @ కనిపిస్తే మాత్రం అది రెండుసార్లు మారిన ఫైలు: 20 ఒకసారి మారి 40 అయింది, ఆ 40ని మళ్లీ ఆస్కీ అనుకుని మారిస్తే 7సీ అయింది. ఈ మూడో రకాన్ని చూసి భయపడక్కర్లేదు. ఐబీఎం-1047కీ ఐఎస్‌ఓ 8859-1కీ మధ్య 256 విలువలూ ఒకటికి ఒకటి చొప్పున జత పడతాయి. కాబట్టి ఏ పట్టికతో అదనంగా మారిందో అదే పట్టికతో ఒక్కసారి వెనక్కి తిప్పితే మొత్తం తిరిగొస్తుంది.

3270 తెర మీది మెనూలు, ఎడిటర్ అయిన ఐఎస్‌పీఎఫ్ అలవాటున్నవాళ్లు ఎడిట్‌లో హెక్స్ ఆన్ కొడితే అక్షరం కిందే దాని బైటు కనిపిస్తుంది. యూనిక్స్ ఫైళ్లకు 3.17 ప్యానెల్లో ఫైల్ పక్కన ఈఏ అని కొడితే ఆస్కీ ఫైల్ చదవదగ్గట్టుగా తెరుచుకుంటుంది. చూడటానికి ఇది చాలా సుఖం.

ఐకాన్వ్: దాచుకోని పనిముట్టు

హైఫన్ ఎఫ్ తర్వాత ఎక్కడి నుంచి, హైఫన్ టీ తర్వాత ఎక్కడికి, తర్వాత ఫైల్ పేరు. అడిగింది తప్ప ఇంకేదీ చేయదు. అందుకే ఇక్కడ దానికి మొదటి స్థానం. దోషాలు రెండు.

మొదటిది వాడేవాళ్ల చేతిలో ఉంది. ఫలితాన్ని అదే ఫైల్ పేరు మీదికి మళ్లిస్తే షెల్ ముందుగా ఆ ఫైల్‌ను ఖాళీ చేస్తుంది, ఆ తర్వాతే ఐకాన్వ్ చదవడం మొదలుపెడుతుంది. మిగిలేది సున్నా బైట్ల ఫైలు. ఎప్పుడూ కొత్త పేరుతో రాసి, ఓడీతో చూసి, ఆ తర్వాతే పాతదాని మీద పెట్టండి.

రెండోది పైన చెప్పిన లైను గుర్తు. జెడ్‌ఓఎస్ యూనిక్స్ నుంచి బైనరీగా తెచ్చిన ఎబ్సిడిక్ ఫైల్‌ను లినక్స్ ఐకాన్వ్‌తో మారిస్తే మొత్తం ఫైలు ఒకే పొడుగాటి లైనుగా వస్తుంది. మందు సులువు: మార్చడానికి ముందే టీఆర్ కమాండుతో ఆక్టల్ 025ను 045గా మార్చండి, అంటే హెక్స్ 15ను 25గా. ఆ తర్వాత ఐకాన్వ్ చేస్తే లైన్లు వాటి చోట్ల పడతాయి. మార్చిన తర్వాత సరిచేద్దామనుకుంటే, యూటీఎఫ్-8లో ఆ గుర్తు సీ2 85 అనే రెండు బైట్లవుతుంది, ఒక్కో బైటునే మార్చే టీఆర్‌తో పని జరగదు. పైథాన్‌లో చేద్దామనుకునేవాళ్లు ఇంకోటి గమనించాలి. ప్రామాణిక లైబ్రరీలో 037 ఉంది, 500 ఉంది, 1140 ఉంది, 1047 లేదు. దానికి ఎబ్సిడిక్ అనే ప్యాకేజీ విడిగా పెట్టుకోవాలి. దగ్గరిదే కదా అని 037తో సరిపెడితే ఏమవుతుందో కిందకి వెళ్లాక వస్తుంది.

తెలుగు ఫైల్‌ను "యూటీఎఫ్-8 నుంచి ఐబీఎం-1047కి" అని నిజం చెప్పి ఇస్తే లినక్స్ ఐకాన్వ్ మొదటి తెలుగు అక్షరం దగ్గరే తప్పు చూపి ఆగిపోతుంది. 1047లో తెలుగు లేదు మరి. ఇలా ఆగడం దాని మంచి గుణం. విసిగిపోయి హైఫన్ సీ ఆప్షన్ తగిలిస్తే మార్చలేని అక్షరాలను చెప్పకుండా వదిలేసి ముందుకు పోతుంది. ఊరి పేర్ల కాలమ్ అంతా ఖాళీగా డేటాసెట్‌లో (మెయిన్‌ఫ్రేమ్ ఫైలు) కూర్చుంటుంది, వెనక్కి తెచ్చుకునే దారి ఉండదు. తెలుగు ఉన్న ఫైల్‌కి సరైన దారి మార్చకపోవడమే: బైనరీగా పంపి, అక్కడ యూటీఎఫ్-8 అని ట్యాగ్ వేసి, చదివే ప్రోగ్రామునే యూటీఎఫ్-8లో చదవనివ్వాలి.

రికార్డు కొలతలు కూడా బైట్లలోనే వేసుకోవాలి. గోదావరి అన్న మాట కంటికి నాలుగక్షరాలు. యూనికోడ్‌లో ఏడు కోడ్లు, యూటీఎఫ్-8లో 21 బైట్లు, యూటీఎఫ్-16లో 14. ఇరవై బైట్ల ఫీల్డులో పెడితే చివరి గుడి గుర్తు మూడో బైటు తెగిపోతుంది, మిగిలిన రెండు బైట్లూ ఎవరూ చదవలేని ముక్కలవుతాయి. రావులపాలెంకి 30 బైట్లు కావాలి. ఇంగ్లిష్ స్పెల్లింగులకు సరిపోయిన కాపీబుక్ (రికార్డులో ఫీల్డుల వివరణ) కొలతలు తెలుగుకి పనికిరావు.

సీహెచ్‌ట్యాగ్, దాని వెనక లాకు

ట్యాగ్ కమాండు గురించి ముందుగా తెలియాల్సింది: అది ఫైల్ లోపల ఒక్క బైటును కూడా ముట్టుకోదు. బస్తా మీద చీటీ అంటించినట్టు, ఇందులో ఉన్నది ఫలానా కోడ్‌పేజీ టెక్స్ట్ అని రాసిపెడుతుంది, అంతే. హైఫన్ టీసీ తర్వాత కోడ్‌సెట్ పేరు ఇస్తే టెక్స్ట్ ట్యాగ్, హైఫన్ బీ ఇస్తే బైనరీ, హైఫన్ ఆర్ ఇస్తే ట్యాగ్ పోతుంది, హైఫన్ పీ ఇస్తే ఉన్న ట్యాగ్ చూపిస్తుంది. ఎల్ఎస్ కమాండుకు పెద్ద టీ తగిలిస్తే డైరెక్టరీలో అన్ని ఫైళ్ల ట్యాగులూ ఒకేసారి కనిపిస్తాయి. లోపల నిల్వ అయ్యేది నంబరు: ఐఎస్‌ఓ 8859-1కి 819, యూటీఎఫ్-8కి 1208, ఐబీఎం-1047కి 1047.

చీటీ చదివి పని చేసేది వేరొకటి. బీపీఎక్స్‌కే ఆటోసీవీటీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఆన్‌లో ఉంటే, ట్యాగ్ ఉన్న టెక్స్ట్ ఫైల్‌ను ప్రోగ్రాము చదివేటప్పుడు సిస్టమే మార్చి ఇస్తుంది. కాలవ మీద లాకు చేసే పని ఇది. పై మట్టంలో ఉన్న పడవను కింది మట్టానికి ఒక్కసారి దింపుతుంది, పడవలో సరుకు ఎవరూ దించి ఎక్కించక్కర్లేదు. కానీ లాకుకు ఎదురుగా ఏ మట్టం ఉందో ముందే తెలియాలి. ట్యాగ్ లేని ఫైల్‌కి లాకు అసలు తెరుచుకోదు. తప్పుడు ట్యాగ్ ఉన్న ఫైల్‌కి తెరుచుకుని చెత్తను దింపుతుంది.

ఇక్కడ చాలామంది ఇరుక్కునే చోటు ఆన్‌కీ ఆల్‌కీ ఉన్న తేడా. ఆన్ అంటే ఐఎస్‌ఓ 8859-1కీ ఐబీఎం-1047కీ మధ్య మార్పిడి. యూటీఎఫ్-8 అని 1208 ట్యాగ్ వేసిన ఫైల్‌ను ఆన్‌లో ఉంచి క్యాట్ కమాండుతో తెర మీద చూస్తే అక్షరాలు సరిగ్గా రావు, "ట్యాగ్ సరిగ్గానే వేశాను కదా" అని తల పట్టుకోవాల్సి వస్తుంది. మిగతా కోడ్‌పేజీలు కావాలంటే విలువ ఆల్ అని ఉండాలి, అప్పుడు మార్పిడి జెడ్‌ఓఎస్‌లోని యూనికోడ్ సర్వీసెస్ చేతికి వెళ్తుంది. సిస్టమ్ మొత్తానికి ఇదే సెట్టింగు బీపీఎక్స్‌పీఆర్‌ఎమ్ మెంబర్‌లో (డేటాసెట్ లోపలి ఫైలు) ఆటోసీవీటీ పేరుతో ఉంటుంది. దాన్ని సిస్టమ్ ప్రోగ్రామర్లు చూసుకుంటారు. మీ ప్రొఫైల్‌లో మీ షెల్‌కి మాత్రమే పెట్టుకోవడం అందరికీ క్షేమం.

షెల్‌లో మళ్లింపు గుర్తుతో పుట్టిన కొత్త ఫైల్‌కి తనంతట తాను ట్యాగ్ వస్తుందని అనుకోకండి. ట్యాగ్ రీడిర్ ఇన్, అవుట్, ఎర్ర్ అనే మూడు వేరియబుల్స్‌ను టీఎక్స్‌టీ అని పెట్టుకుంటే ఆ వెలితి తీరుతుంది. ఇవి లేని ప్రొఫైల్‌తో రాసిన బిల్డ్ లాగులు సగం ట్యాగ్‌తో, సగం లేకుండా పడి ఉంటాయి.

మంచి పనిముట్టే, ఐదుకు నాలుగు ఇవ్వొచ్చు. తగ్గించిన ఒక మార్కు దేనికంటే, బైట్లు ఎబ్సిడిక్ అయినా ఐఎస్‌ఓ 8859-1 అని ట్యాగ్ వేయమంటే మారు మాట్లాడకుండా వేసేస్తుంది. పెద్ద ఆర్‌తో డైరెక్టరీ మొత్తానికి వేస్తే బొమ్మలకీ జార్ ఫైళ్లకీ కూడా టెక్స్ట్ ట్యాగ్ పడుతుంది. ముందు మొత్తానికి బైనరీ వేసి, ఆ తర్వాత టెక్స్ట్ ఎక్స్‌టెన్షన్లకు మాత్రం టెక్స్ట్ ట్యాగ్ వేసుకోవడం మేలు.

జోవీ సీఎల్‌ఐ

ఇది ల్యాప్‌టాప్ వైపు పనిముట్టు. లినక్స్ ఫౌండేషన్ కింద ఉన్న ఓపెన్ మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్టులో 2018లో బయటికొచ్చింది. సొమ్ము కట్టక్కర్లేదు, జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ ఉంటే దాని ఎన్‌పీఎంతో ఎక్కుతుంది. వెనక మెయిన్‌ఫ్రేమ్‌లోని జెడ్‌ఓఎస్‌ఎంఎఫ్ అనే సర్వర్ రెస్ట్ (వెబ్) సేవలతో మాట్లాడుతుంది, కాబట్టి అవతల అది నడుస్తూ ఉండాలి. 3270 తెర జోలికి పోకుండా డేటాసెట్‌ని కిందికి తెచ్చి, వీఎస్ కోడ్‌లో దిద్ది, పైకి పంపేవాళ్లకు దీన్ని మించింది లేదు. డెల్టాలో వానాకాలం కరెంటు పోయి వీపీఎన్ తెగినా, దిద్దుతున్న కాపీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. తెర మీద దిద్దుతున్నప్పటి కంటే గుండె నిబ్బరంగా ఉంటుంది.

ఎన్‌కోడింగ్ విషయంలో మాత్రం దీని డిఫాల్టు గురించి గట్టిగా చెప్పాలి. ఏమీ చెప్పకుండా టెక్స్ట్‌గా పంపితే అవతలి కోడ్‌పేజీ ఐబీఎం-1047 అని తీసుకుంటుంది. మన 3270 ఎమ్యులేటర్లో (ల్యాప్‌టాప్‌లో ఆ తెరను చూపే ప్రోగ్రాము) మాత్రం అమెరికా అని ఎంచుకున్నప్పుడు వచ్చేది చాలాసార్లు ఐబీఎం-037. ఈ రెండు పట్టికలకూ తేడా ఆరే ఆరు స్థానాల్లో: 5ఎఫ్, ఏడీ, బీ0, బీఏ, బీబీ, బీడీ. అక్షరాలు, అంకెలు, చుక్కలు, కామాలు అన్నీ ఒకటే. అందుకే కోబాల్ ప్రోగ్రాములు ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా అటూ ఇటూ తిరుగుతాయి, ఎవరికీ అనుమానం రాదు. జేసన్ ఫైలో, సీ ప్రోగ్రామో, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషనో వెళ్లిన రోజు దెబ్బ తగులుతుంది. స్క్వేర్ బ్రాకెట్లు 1047లో ఏడీ, బీడీ. 037లో బీఏ, బీబీ. 1047తో వెళ్లిన [ గుర్తు 037 తెర మీద నెత్తిన గీతతో ఇంగ్లిష్ వైలా, ] గుర్తు పక్కపక్కన రెండు చుక్కల్లా కనిపిస్తుంది.

అసలు నష్టం ఆ తర్వాత జరుగుతుంది. తెర మీద వింతగా ఉందని అక్కడే చేత్తో [ కొట్టి సేవ్ చేస్తారు. ఆ లైనులో బీఏ పడుతుంది, మిగతా లైన్లలో ఏడీ ఉంటుంది. ఇప్పుడు ఒకే ఫైల్‌లో రెండు రకాల బ్రాకెట్లు. ఏ కోడ్‌పేజీతో చదివినా సగం తప్పే. దీన్ని ఏ మార్పిడి కమాండూ బాగుచెయ్యలేదు, ఏ లైను ఎవరు కొట్టారో చూసుకుంటూ చేత్తో దిద్దాల్సిందే. కాబట్టి తెర మీద బ్రాకెట్ వింతగా కనిపిస్తే దాన్ని దిద్దకండి. హెక్స్ ఆన్ చేసి బైటు చూడండి. ఏడీ ఉంటే ఫైల్ మంచిదే, ఎమ్యులేటర్ సెట్టింగును 1047కి మార్చుకోండి. పీఎల్1 భాషలో రాసేవాళ్లకు ఇదే పోరు 'కాదు' గుర్తుతో వస్తుంది: 037లో ¬ అంటే 5ఎఫ్, 1047లో అదే గుర్తు బీ0, అక్కడ 5ఎఫ్ స్థానంలో ^ ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో ¬ కొట్టి డిఫాల్టుతో పంపితే కంపైలర్‌కి తెలియని గుర్తు చేరుతుంది.

మీ సంస్థలో సోర్సంతా 037 అయితే జెడ్‌ఓఎస్‌ఎంఎఫ్ ప్రొఫైల్‌లో ఎన్‌కోడింగ్ అనే ప్రాపర్టీకి ఐబీఎం-037 అని ఒక్కసారి రాసిపెట్టండి. కమాండు కమాండుకీ ఆప్షన్ ఇవ్వాలనుకుంటే ఏదో ఒక రాత్రి మరిచిపోతాం. టీమ్ అంతా ఒకే కాన్ఫిగ్ ఫైల్‌ను రిపాజిటరీలో ఉంచుకుని వాడితే ఇంకా మంచిది. రాజమహేంద్రవరంలో ఒకరు 037తో, హైదరాబాద్‌లో ఒకరు 1047తో అదే మెంబర్‌ని పంపుతూ ఉంటే రెండు రకాల బ్రాకెట్లు మళ్లీ పుడతాయి.

డైరెక్టరీని మొత్తంగా యూనిక్స్ వైపు పంపేటప్పుడు జెడ్‌ఓఎస్ యాట్రిబ్యూట్స్ అనే చుక్కతో మొదలయ్యే ఫైల్ ఉంటుంది. లైనుకు మూడు మాటలు: ఫైల్ నమూనా, ఇక్కడి ఎన్‌కోడింగ్, అక్కడి ఎన్‌కోడింగ్. బొమ్మలకు బైనరీ బైనరీ అని, ఎబ్సిడిక్‌గా మారాల్సినవాటికి ఐఎస్‌ఓ 8859-1 ఎబ్సిడిక్ అని రాస్తే చాలు. నమూనా పక్కన ఒట్టి గీత పెడితే దాన్ని పంపదు. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌కి ఆ గీత తప్పకుండా పెట్టండి, లేకపోతే అప్‌లోడు తెల్లారినా అవ్వదు. ఇంత చిన్న ఫైల్‌లో ఇంత స్పష్టంగా చెప్పనిచ్చిన పనిముట్టు ఈ ఐదింటిలో ఇంకొకటి లేదు.

రెండుసార్లు మార్పిడి ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. ల్యాప్‌టాప్‌లో ఐకాన్వ్‌తో ముందే ఎబ్సిడిక్ చేసుకుని, ఆ తర్వాత జోవీలో బైనరీ ఆప్షన్ మరిచిపోతే అది మళ్లీ మార్చి పంపుతుంది. 3270 తెర నిండా @ గుర్తులు.

డేటాసెట్‌ని ఉత్త బైనరీగా కిందికి తెస్తే రికార్డుల సరిహద్దులు పోతాయి. పొడవు మారే రికార్డులైతే ఎక్కడ ఏది ముగిసిందో చెప్పేవాళ్లుండరు. దానికి రికార్డ్ అనే ఆప్షన్ ఉంది, ప్రతి రికార్డు ముందూ నాలుగు బైట్లలో దాని పొడవు రాసి ఇస్తుంది. ఈ ఆప్షన్ సంగతి తెలియక కష్టపడేవాళ్లు చాలామంది.

విండోస్ నోట్‌ప్యాడ్‌లో బీఓఎంతో సేవ్ చేసిన ఫైల్‌ని పంపకండి. ఈఎఫ్ బీబీ బీఎఫ్ అనే మూడు బైట్లు ముందు చేరతాయి. జేసీఎల్‌లో (మెయిన్‌ఫ్రేమ్ జాబులకు ఆదేశాలు రాసే భాష) మొదటి రెండు కాలమ్‌లలో ఉండాల్సిన // కాస్తా పక్కకి జరుగుతుంది. షెల్ స్క్రిప్టయితే మొదటి లైను పనిచేయదు. విండోస్ ఫైళ్లలో లైను చివరి 0డీ కూడా ఇలాంటిదే, ఆస్కీలోనూ ఎబ్సిడిక్‌లోనూ అదే విలువ కాబట్టి కోడ్‌పేజీ మార్పిడి దాన్ని తీసెయ్యదు. వీఎస్ కోడ్ కింది పట్టీలో సీఆర్‌ఎల్‌ఎఫ్ అని కనిపిస్తే ఎల్‌ఎఫ్‌కి మార్చి సేవ్ చేయండి.

ఎస్‌సీపీ: అదే కమాండు, మారిన స్వభావం

ఎస్‌సీపీ, ఎస్‌ఎఫ్‌టీపీ రెండూ నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే కమాండ్లు. జెడ్‌ఓఎస్‌లోని ఎస్‌సీపీ ఫైళ్లన్నీ టెక్స్ట్ అనుకుని ఆస్కీకీ ఎబ్సిడిక్‌కీ మధ్య మార్చేస్తుంది. ఎస్‌ఎఫ్‌టీపీ అలా కాదు, బైట్లు ఉన్నవి ఉన్నట్టు పంపుతుంది. ఈ తేడా తెలిసినవాళ్లు టెక్స్ట్‌కి ఒకటి, బైనరీకి ఒకటి వాడుకునేవారు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.0 నుంచి ల్యాప్‌టాప్ వైపు ఎస్‌సీపీ కమాండు లోపల ఎస్‌ఎఫ్‌టీపీ పద్ధతినే వాడుతోంది. అంటే ల్యాప్‌టాప్ అప్‌డేట్ అయిన మర్నాడు, నిన్నటిదాకా ఎబ్సిడిక్‌గా దిగిన స్క్రిప్టు ఇవాళ ఆస్కీగా దిగుతుంది. కమాండులో ఒక్క అక్షరం మారలేదు, మెయిన్‌ఫ్రేమ్‌లో ఎవరూ ఏదీ ముట్టుకోలేదు. పాత పద్ధతి కావాలంటే పెద్ద ఓ ఆప్షన్ ఇవ్వాలి. అంతకంటే మంచిది ఎస్‌ఎఫ్‌టీపీతో బైనరీగా పంపి, అవతల మీ చేత్తో ఐకాన్వ్, సీహెచ్‌ట్యాగ్ చేయడం. ఆటోమేటిక్ జాబుల్లో ఎస్‌సీపీని పెట్టవద్దనే మా సలహా.

ఎఫ్‌టీపీ ఇంకా నడుస్తున్న చోట్ల సైట్ కమాండులో ఎస్‌బీడేటాకన్ ఇచ్చి రెండు కోడ్‌పేజీల పేర్లూ చెప్పొచ్చు. చెప్పకపోతే ఆ సర్వర్‌లో ఎవరో ఎప్పుడో పెట్టిన పట్టిక వర్తిస్తుంది.

టెక్స్ట్‌గా మార్చకూడని అంకెలు

ధాన్యం తూకాలో, రొయ్యల బిల్లులో ఉన్న డేటా ఫైల్‌ను టెక్స్ట్‌గా కిందికి తెచ్చేవాళ్లు ఇది తప్పక చూడాలి. కాంప్-3 (బైటుకు రెండంకెల చొప్పున కుదించిన) ఫీల్డులో 12345 అంటే మూడు బైట్లు: 12 34 5సీ. చివరి సీ గుర్తు ధనం అని చెబుతుంది. టెక్స్ట్ మార్పిడికి ఇవి అంకెలని తెలియదు. 12ను 12గానే ఉంచుతుంది, 34ను 94 చేస్తుంది, 5సీ ఎబ్సిడిక్‌లో * కాబట్టి ఆస్కీ * అయిన 2ఏ చేస్తుంది. ఇప్పుడు ఫీల్డులో ఉన్నది 12 94 2ఏ. ఏ కూడా చెల్లే ధన గుర్తే. చదివే ప్రోగ్రాము ఏ తప్పూ చూపకుండా 12942 అని చదువుతుంది. ఎర్రర్ వస్తే బాగుండేది, రాదు. మొత్తాలు తేడా వచ్చేదాకా ఎవరికీ తెలియదు. ప్యాక్డ్ (కాంప్-3), బైనరీ ఫీల్డులున్న ఫైల్ ఏదైనా రెండే దారులు: మెయిన్‌ఫ్రేమ్‌లోనే సార్ట్ స్టెప్పుతో కనిపించే అంకెలుగా మార్చి ఆ తర్వాత టెక్స్ట్‌గా తేవడం, లేదా బైనరీగా తెచ్చి కాపీబుక్ ప్రకారం ఫీల్డు ఫీల్డుగా విడదీయడం.

గిట్

గిట్ సోర్సు మార్పుల చరిత్రను దాచే పనిముట్టు. జెడ్‌ఓఎస్ కోసం పోర్ట్ చేసిన గిట్‌లో గిట్ యాట్రిబ్యూట్స్ ఫైలే అంతా. ప్రతి నమూనాకీ రెండు మాటలు చెప్పాలి: రిపాజిటరీలో యూటీఎఫ్-8, జెడ్‌ఓఎస్ వర్కింగ్ ట్రీలో (మనం దిద్దే కాపీ) ఐబీఎం-1047 లేదా మీ సంస్థ కోడ్‌పేజీ. ఈ ఫైలు మొదటి కమిట్‌లోనే ఉండాలి. తర్వాత చేరిస్తే అప్పటికే దిగిన ఫైళ్లు తమంతట తాము మారవు. వాటిని తీసేసి మళ్లీ చెకౌట్ చేయాలి.

పాత డేటాసెట్ల నుంచి గిట్‌కి తరలించేటప్పుడు అసలు పరీక్ష ఎదురవుతుంది. పాత కోబాల్, అసెంబ్లర్ సోర్సుల్లో కొటేషన్ల మధ్య కంటికి కనిపించని బైట్లు నేరుగా కొట్టి ఉంటాయి: ప్రింటర్‌కో, తెరకో పంపే కంట్రోల్ గుర్తులు. డేటాసెట్‌లో రికార్డు పొడవు లెక్క వేరుగా ఉంటుంది కాబట్టి లోపల 15 ఉన్నా లైను తెగదు. అదే బైటు యూనిక్స్ ఫైల్‌లోకి రాగానే కొత్త లైను అవుతుంది, ప్రోగ్రాము నడుమ విరుగుతుంది. 25, 0డీ, డబుల్ బైట్ మొదలు, ముగింపు గుర్తులైన 0ఈ, 0ఎఫ్‌లు కూడా తరలింపులో ఇబ్బంది పెట్టేవే. ఐబీఎం బిల్డ్ పనిముట్టు డీబీబీతో వచ్చే మైగ్రేషన్ పనిముట్టు ఇలాంటి మెంబర్లను పట్టి చూపిస్తుంది. చూపించినవాటిని దాటవేసి ముందుకు పోవద్దు. కొటేషన్ల మధ్య ఉన్న ఆ లిటరల్‌ను ఎక్స్ అక్షరంతో మొదలయ్యే హెక్స్ లిటరల్‌గా సోర్సులోనే మార్చి, కంపైల్ చేసి, పాత లోడ్ మాడ్యూల్‌తో (కంపైలై నడిచే ప్రోగ్రాము) సరిచూసి, అప్పుడు తరలించండి. మార్చడానికి ఇంకా అనుమతి రాని మెంబర్లను మాత్రం యాట్రిబ్యూట్స్‌లో పేరుపేరునా బైనరీ అని రాసి పంపొచ్చు. రిపాజిటరీలో వాటి తేడాలు చదవడానికి వీలుండదు కానీ, తిరిగి డేటాసెట్‌లోకి వెళ్లేటప్పుడు ప్రతి బైటూ దాని చోటే ఉంటుంది.